పసిపిల్లలకు పాఠక్రమము



ఈ సాయంకాలము నేను మీతో ముచ్చటింపదలచిన విషయము మిక్కిలి చిన్నదిగా తోచవచ్చును. మూడేండ్లు మొదలు ఆఱేండ్లలోపు పసిపిల్లలు చేరు అంగన్‌వాడికి క్రొత్తగా వచ్చిన ఉపాధ్యాయురాలు తన పాఠములను ఎట్లు కూర్చుకొనవలెను, అందు మనబోటి పెద్దలు చేయదగినదేమి అనునదే ఆ విషయము. "పసివాండ్రకు పాఠమేమి, దానికొక క్రమమేమి? ఆడించి, అన్నముపెట్టి, నిద్రపుచ్చి పంపిన చాలదా?" అని కొందఱు అందురు. "ఏడాది గడచినను అక్షరమొక్కటియైనను రాలేదు, ఇదేమి బడి?" అని మఱికొందఱు అందురు. ఈ రెండవ మాట అన్నవారిలో నేనును ఒకడను. ఆ తప్పును ఒప్పుకొని, దానివలన నేను నేర్చుకొన్నదానిని మీకు విన్నవించుటకే ఈ ప్రసంగము చేయ నంగీకరించితిని.

నేను ముప్పదియేండ్లకు పైగా ఉన్నతపాఠశాలలో తెలుగు పండితుడుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. బాల్యమున గురువుగారి ఇంట అమరము, శబ్దమంజరి, రఘువంశము వల్లించితిని. చదువనగా వల్లించుట, వ్రాయుట, అప్పగించుట అనియే నా నమ్మకము. పెద్దపిల్లల విషయమున ఆ నమ్మకము నన్ను అంతగా మోసగింపలేదు. పసిపిల్లలకు పాఠము చెప్పవలసిన అవసరము నాకెన్నడును కలుగలేదు గనుక, వారి సంగతి నాకు తెలియదను సంగతియే నాకు తెలియలేదు.

కొంతకాలము క్రిందట, వేసవి సెలవులు ముగిసిన పిమ్మట, మా ఊరి అంగన్‌వాడికి ఒక క్రొత్త ఉపాధ్యాయురాలు వచ్చెను. ఆమె మా ఊరి కోడలే. ఇరువదియైదేండ్లు దాటని వయస్సు. వచ్చిన వారము దినములకే మేము నలుగురము రావిచెట్టు క్రింది అరుగుమీద కూర్చుండి ఆమెను పిలిపించితిమి. "అమ్మాయీ! సంక్రాంతి నాటికి పిల్లలందఱును గుణింతములు వ్రాయవలెను. లేకున్న మా మనుమలను బస్సెక్కించి పట్నపు బడికి పంపుకొందుము" అని చెప్పితిమి. ఆ మాట పలికినది నేనే. ఆమె తలవంచుకొని "అట్లాగేనండీ మాస్టారూ" అని వెడలిపోయెను.

తరువాత ఆమె వ్రాసికొన్న పాఠముల పుస్తకమును నేను చూచితిని. ఎఱ్ఱసిరాతో గీతలు గీసి, ముత్యములవంటి అక్షరములతో వ్రాసియుండెను. సోమవారము అ నుండి ఋ వఱకు, మంగళవారము ఒకటి నుండి ఇరువది వఱకు, బుధవారము రంగుల పేర్లు, గురువారము మాసముల పేర్లు, శుక్రవారము శరీరావయవములు, శనివారము పరీక్ష. తనిఖీకి వచ్చినవారెవరైనను మెచ్చదగిన పట్టిక. అందు లేనిదొక్కటే: పిల్లలు.

రెండు మాసములు గడచెను. ఒకనాటి మునిమాపువేళ ఆమె మా ఇంటికి వచ్చి, నన్ను చూడక, వంటయింటి గడపలో నా భార్యయొద్ద కూర్చుండెను. "పిన్నిగారూ, ఈ పని నావల్ల కాదు. పావుగంట గడిచేసరికి ఒకడు ఏడుస్తాడు, ఇద్దరు కొట్టుకుంటారు, ఒకడు గుమ్మం దాటి ఇంటికి పరుగెడతాడు. మీ మనుమరాలైతే పలక చూస్తే చాలు, చేతులు రెండూ వెనక్కు దాచుకుంటుంది. మానేద్దామనుకుంటున్నాను" అని కన్నీరు పెట్టుకొనెను.

ఆ మాట వసారాలోనున్న నా చెవిని పడెను. మా మనుమరాలికి అప్పటికి నాలుగవ ఏడు. ప్రతిరాత్రియు భోజనమునకు ముందు ఆ చిన్నివ్రేళ్ళను నా పిడికిట బిగించి పలకమీద దిద్దించుచున్నవాడను నేనే. ఆ పిల్ల చేతులు దాచుకొనుచున్నది ఉపాధ్యాయురాలివలన భయపడి కాదు, నావలన భయపడి. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

మఱునాడు ఆమె అనుమతి గైకొని, కేంద్రమున ఒక మూల పీటవేసికొని దినమంతయు కూర్చుంటిని. పదునెనిమిదిమంది పిల్లలు, ఆమె, ఒక ఆయా. పిల్లలలో ముగ్గురు నలుగురు మూడేండ్లవారు, నాలుగేండ్లవారు కొందఱు, ఐదేండ్లు దాటినవారు కొందఱు. అందఱకును ఒకే గది, ఒకే పాఠము. పాఠము సాగుచుండగా మూడేండ్ల పిల్లవాడొకడు నీళ్ళకుండ కడకు చేరి, చెంబులోని నీటిని గ్లాసులోనికి, గ్లాసులోని నీటిని చెంబులోనికి వంచుట మొదలిడెను. ఒక్క చుక్కయైనను ఒలుకకుండుటకై నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, పావుగంటసేపు తల యెత్తకుండ ఆ పని చేసెను. ఐదు నిమిషములైనను నిలువడని పేరుపడినవాడు వాడే! ఈ పిల్లలకు శ్రద్ధ లేకపోలేదు. మన పాఠము వారి శ్రద్ధ యున్న చోటికి పోవుటలేదు అని అప్పుడు నాకు బోధపడెను.

ఆ సాయంకాలము ఆమెయు నేనును ఆ పుస్తకమును తెఱచి ముందిడుకొని కూర్చుంటిమి. నాకు శిశుశిక్షాశాస్త్రము తెలియదు. తెలిసినది పాతచదువే. అందులోనే దారి దొరకునేమోయని వెదకితిని. శాస్త్రగ్రంథము నారంభించునప్పుడు అధికారి, విషయము, సంబంధము, ప్రయోజనము అను నాలుగు అనుబంధములను ముందు నిర్ణయించుట మన పూర్వుల పద్ధతి. ఈ నాల్గింటిని పసిపిల్లల పాఠమునకు అన్వయించి చూచితిమి.

మొదటిది అధికారి. అనగా ఈ పాఠము ఎవరికి? ఒకే గదిలో మూడు వయస్సులవారున్నప్పుడు పాఠము ఒకటియైనను పని మూడు తెఱగులుగా నుండవలెను. వంకాయలు, బెండకాయలు, దొండకాయలు ఒక బుట్టలో పోసితిమనుకొనుడు. మూడేండ్లవాడు వానిని పట్టుకొని చూచి, బుట్టలోనుండి తీసి మరల వేయును. అదియే వాని పాఠము. నాలుగేండ్లవాడు ఏ కాయలకా కాయలను వేఱుచేయును. ఐదేండ్లవాడు ఏ కుప్పలో ఎన్నియున్నవో లెక్కించి, ఏది ఎక్కువయో చెప్పును. బుట్ట ఒకటే, పాఠములు మూడు. ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. చింతగింజలు, కుంకుడుగింజలు, పూసలువంటి సన్నపు వస్తువులను మూడేండ్లవారి చేతికీయరాదు. నోటను, ముక్కునను పెట్టుకొన్నచో ప్రాణమునకే ముప్పు. ఏ వస్తువు ఎవరి చేతికి అనునదియు పాఠపు పుస్తకములో వ్రాసికొనదగినదే.

రెండవది విషయము. వారమునకు ఒక్కటే విషయమును తీసికొనవలెను. అది పిల్లవాని కంటికి, చేతికి, ముక్కుకు అందునదై యుండవలెను. వానకాలమున వాన, కప్ప, గొడుగు, సంక్రాంతికి ధాన్యము, ఎడ్లు, చైత్రమున మామిడి, సంత జరుగు ఊరైనచో సంత. మాసముల పేర్లు చెప్పించుటకన్న ఆ మాసమున ఊరిలో ఏమి కానవచ్చునో దానిని చూపుట మేలు. పెండ్లిలో అరుంధతిని చూపునప్పుడు పురోహితుడు ముందు దగ్గఱనున్న పెద్దనక్షత్రమును చూపి, పిదప సన్నని దానివైపు చూపు మరల్చును గదా! శాస్త్రములలో దీనినే స్థూలారుంధతీ న్యాయమందురు. పిల్లలకు అక్షరము అరుంధతివంటిది. దానికి ముందు చూపవలసిన పెద్ద చుక్కలు ఆకు, పువ్వు, బొమ్మ, పాట, కథ.

మూడవది ప్రయోజనము. ఈ వారాంతమునకు పిల్లవాడు ఏమి చేయగలుగును? దీనిని ఒక్క వాక్యములో, కంటితో చూచి అవునో కాదో చెప్పదగినట్లు వ్రాయవలెను. "ఆకులనుగూర్చిన జ్ఞానము కలిగించుట" అని వ్రాసిన లాభములేదు. కలిగినదో లేదో ఎవరు చెప్పగలరు? "రెండాకులను తాకి ఏది నునుపో, ఏది గరుకో చెప్పగలుగుట" అని వ్రాసిన, శనివారము నాడు చూచి తెలిసికొనవచ్చును.

నాల్గవది సంబంధము. నిన్నటిదానికి నేటిదానితో సంబంధముండవలెను; ఇంటికి బడితో సంబంధముండవలెను. సింహము నాలుగడుగులు వేసి, ఆగి, వెనుకకు తిరిగి చూచునని చెప్పుదురు. ప్రతిదినమును నిన్నటి పాటతోనో, నిన్న తెచ్చిన వస్తువుతోనో మొదలిడినచో పసివాని మనస్సు బెదరక లోనికి వచ్చును.

ఈ నాల్గింటిని నిర్ణయించుకొన్న పిమ్మట ఆమె స్వయముగా కూర్చుకొన్న ఒక వారపు క్రమమును మీకు చెప్పెదను. విషయము: ఆకులు. సోమవారము పిల్లలను వెంటబెట్టుకొని చెఱువుగట్టుదాక నడచి, రాలిన ఆకులను ఏఱి తెచ్చుట. మంగళవారము చిన్నవి, పెద్దవి వేఱుచేయుట. పెద్దపిల్లలు చిన్నదానినుండి పెద్దదానివఱకు వరుసగా పేర్చుట. బుధవారము ఆకుకు రంగుపూసి కాగితముమీద అద్దుట. గురువారము ఆకును గూర్చిన కథ; పిమ్మట పిల్లలే మేకలై, చెట్లై ఆ కథను ఆడుట. శుక్రవారము తోటకూర, గోంగూర, కరివేపాకు, మునగాకు తెచ్చి వాసన చూచుట, త్రుంచుట. ఆనాటి పప్పులో అదే ఆకు వేయుట. శనివారము వారమంతయు చేసినదానిని తిరుగ చూచుట. పరీక్ష లేదు.

దినక్రమమునకును ఒక సూత్రము నిర్ణయించుకొంటిమి. కదలుపని తరువాత కుదురుపని, కుదురుపని తరువాత కదలుపని. వచ్చినతోడనే గుండ్రముగా కూర్చుండి పాట, మాటలు, తరువాత ఎవరికి తోచిన ఆట వారు, తరువాత ఆనాటి విషయముమీద కొంతసేపు పని, పిమ్మట వెలుపల పరుగులు, చేతులు కడుగుకొనుట, భోజనము, నిద్ర, లేచినపిదప కథ. ఏ కుదురుపనియైనను పది పదునైదు నిమిషములకు మించరాదు. వాన వచ్చినచో వెలుపలి ఆటకు మాఱుగా లోపల ఏమిచేయవలెనో అదియు ముందే వ్రాసియుంచవలెను.

మఱి రెండు చిన్న సంగతులు. ఒకటి, మఱునాటికి కావలసిన వస్తువులను ముందునాటి సాయంకాలమే ఒక బుట్టలో సర్దియుంచుట. పిల్లలు ఎదుట కూర్చున్న తరువాత ఉపాధ్యాయురాలు సుద్దకొఱకు, కాగితముకొఱకు లేచినచో ఆ గది చేయిదాటిపోవును. రెండవది, పుస్తకమున ప్రతిపుటకు కుడివైపున ఒక గడి ఖాళీగా విడుచుట. సాయంకాలము ఆ గడిలో రెండు పంక్తులు వ్రాయవలెను: అనుకొన్నదేమి, జరిగినదేమి, నేడు ఎవరు నోరువిప్పిరి, ఎవరు విప్పలేదు. వచ్చు వారపు పాఠము ఆ గడిలోనుండియే పుట్టవలెను. ముందు వ్రాసినది జరుగకపోయినచో సిగ్గుపడనక్కఱలేదు. జరుగని సంగతి వ్రాసికొనకపోవుటయే లోపము.

"ఇదంతయు క్రొత్తవింత" అని మీలో కొందఱు అనుకొనవచ్చును. వింతయు కాదు, క్రొత్తయు కాదు. విష్ణుశర్మ చదువనొల్లని మువ్వురు రాజకుమారులకు ఆఱుమాసములలో నీతి నేర్పెదనని పూనుకొని, మృగపక్షుల కథలతో నేర్పినట్లు పంచతంత్రము చెప్పుచున్నది. ముందు శిష్యుని మనస్సును చూచి, పిదప పాఠమును ఏర్పఱచుకొనుట యన్న అదియే. పాశ్చాత్యులలో ఫ్రోబెల్ అను జర్మను పండితుడు 1837 లో పసిపిల్లలకొక శిక్షాలయము స్థాపించి, 1840 లో దానికి "పిల్లల తోట" అను అర్థమిచ్చు కిండర్‌గార్టెన్ అను పేరు పెట్టెను. ఇటలీ దేశపు వైద్యురాలు మరియా మాంటిసోరి 1907 లో రోము నగరపు బీదలపేటలో శిశుగృహమును తెఱచెను. ఆమె 1939 లో చెన్నపట్టణమునకు వచ్చి, అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణమిచ్చి, యుద్ధము ముగియువఱకు మనదేశముననే యుండెను. గరుకుకాగితపు అక్షరములను పిల్లలు వ్రేలితో తడవి గుర్తించుట ఆమె పద్ధతులలో ఒకటి. మన వీధిబడులలో ఇసుకమీద వ్రేలితో దిద్దించుట దీనికి దూరపు చుట్టము కాదా? వకీలు పని చాలించి బోధనకు వచ్చిన గిజుభాయి బధేకాగారు గుజరాతు సీమలోని భావనగరమున 1920 లో బాలమందిరము నెలకొల్పిరి. ఆయనతో కలసి పనిచేసిన తారాబాయి మోడక్‌గారు తరువాత మహారాష్ట్ర తీరప్రాంతమున పల్లెపిల్లల ముంగిటికే ఆ చదువును తీసికొనిపోయిరి. అంగన్‌వాడి అను పేరిలోనే అంగణము, అనగా ముంగిలి, కలదు.

మన దేశమున సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము 1975 అక్టోబరు 2 వ తేదీన ముప్పదిమూడు ప్రాంతములలో మొదలయ్యెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము మూడేండ్ల వయస్సు మొదలు ఎనిమిదేండ్లవఱకు ఒక్కటే పునాదిదశ యనియు, అందు చదువు ఆటపాటలద్వారా సాగవలెననియు నిర్దేశించినది. పునాది అను మాటను మీరు గమనింపవలెను. ఇల్లు కట్టువాడు పునాది నేలలోపల పోయును. బాటనుపోవువానికి గోడ కనబడుటలేదని మేస్త్రిని తిట్టుట న్యాయముకాదు.

పైగా అంగన్‌వాడి ఉపాధ్యాయురాలికి పాఠమొక్కటే పనికాదు. పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు పోషకాహారము, పిల్లల తూకము, టీకాలు వేయునాటి ఏర్పాట్లు, తల్లులకు ఆరోగ్యవిషయములు చెప్పుట, వీని లెక్కలన్నియు ఆమె మీదనే. ఇన్ని పనుల నడుమ దొరకు ఆ కొలదిసేపు వ్యర్థము కాకుండుటకే పాఠక్రమము. వారమంతటికి ఒక్కమాఱు కూర్చుండి వ్రాసికొన్నచో ప్రతి ఉదయమును "నేడేమి చేయుదును?" అను చింత తప్పును.

ఇక మా ఊరి సంగతి ముగించెదను. సంక్రాంతి వచ్చెను. పిల్లలెవరును గుణింతములు వ్రాయలేదు. ఆ పండుగనెలలో ఒకనాటి ఉదయము నా భార్య వాకిట ముగ్గు వేయుచుండగా మా మనుమరాలు ప్రక్కన చేరి చాలసేపు చూచెను. పిదప తానై చేయిచాచి, ముగ్గుపిండి చిటికెడు తీసికొని, చుక్కనుండి చుక్కకు వంకరటింకరగా ఒక గీత లాగెను. "తాతయ్యా, ఇది మునగాకు" అని నన్ను చూచి నవ్వెను. దాచుకొన్న చేతులు వెలుపలికి వచ్చినవి. వేసవి వచ్చునప్పటికి ఐదేండ్లు దాటినవారు ఇసుకపళ్ళెములో తమ పేరిలోని మొదటి అక్షరమును వ్రేలితో దిద్దుచుండిరి, ఎవరును వ్రేళ్ళు పట్టకుండగనే. ఆ ఉపాధ్యాయురాలు పని మానలేదు. ఆమె పుస్తకములో ఎఱ్ఱగీతలు తగ్గినవి, కుడివైపు గడులు నిండినవి. గుణింతముల మాటను నేను నలుగురిలో చెప్పితిని గనుక, ఆ రావిచెట్టు క్రిందనే నలుగురిలో వెనుకకు తీసికొంటిని.

పెద్దలారా! మీ ఊరను అంగన్‌వాడి యుండియే యుండును. అచ్చటికి క్రొత్తగా వచ్చిన అమ్మాయికి మనము చేయదగిన సాయము ఎక్కువ ఖర్చుతో కూడినది కాదు. మన మనుమలను సాయంకాలము "నేడెన్ని అక్షరములు వచ్చినవి?" అని అడుగక, "నేడేమి పాట పాడితిరి? ఏమి తెచ్చితిరి? నాకును చూపుడు" అని అడుగుదము. ఆమె తన వారపు విషయమును ముందుగా గోడమీద వ్రాసియుంచినచో, దానికి తగిన వస్తువు మన ఇండ్లలోనున్నదేమో చూతము. రైతు నాలుగు వరికంకులు ఈయవచ్చును. కుమ్మరి గుప్పెడు మెత్తని మట్టి ఈయవచ్చును. దర్జీ రంగురంగుల గుడ్డపీలికలు ఈయవచ్చును. కథ తెలిసిన అవ్వ వారమునకొక పూట వచ్చి కథ చెప్పవచ్చును. పిల్లలున్న వేళ ఆ గదిని మన సభలకు, సమావేశములకు కోరకుందము. ఆమెనేదైన అడుగవలసియున్నచో నలుగురిలో నిలబెట్టి కాక, ముందు ఒకదినము ఆ గదిలో పీటవేసికొని కూర్చుండి, పిదప అడుగుదము.

నేను అట్లు కూర్చుండుటకు అఱువదియేండ్లు దాటవలసివచ్చినది. మీరు అంతదాక ఆగవలదని నా మనవి.